నలభై రోజుల సలాడ్

కాశిబుగ్గ, వరంగల్
మార్చి 8

చెల్లె మౌనికకు,

అందరం బాగున్నాం అని మొదలుపెట్టడం మర్యాద కాబట్టి అలాగే మొదలుపెడుతున్నాను. ఈ ఉత్తరం నీకంటే ముందు సిస్టర్ వినోద గారు చదువుతారు కాబట్టి ఆమెకు కూడా వందనాలు. సిస్టర్ గారూ, మీ మఠంలో శిక్షణకు వచ్చిన ఆడపిల్లలకు ఫోన్ ఇవ్వకుండా ఉత్తరాలు రాయించడం మంచి పద్ధతి. మా ఇంట్లో ఆరేళ్లుగా ఇలాంటిదే నడుస్తోంది, కాకపోతే ఉత్తరాలు కూడా లేవు.

అందరం అంటే ప్రస్తుతం ఇద్దరమే. పరకాలలో పెద్దమ్మ జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషన్ అయింది, గండం గడిచింది. అమ్మ ఆమెను చూసుకోవడానికి వెళ్లింది, రెండు నెలల దాకా రాదు. వెళ్తూ గుమ్మంలో ఆగి, బాపును ఒకసారి, నన్ను ఒకసారి చూసి, "దేవా, నీదే భారం" అని ఆటో ఎక్కింది.

సిస్టర్ గారికి మా సంగతి తెలియకపోవచ్చు. ఎనిమిదేళ్లు సెమినరీలో చదివి, ఇంకో ఏడాదిన్నరలో ఫాదర్‌గా గురుపట్టం అనగా వదిలేసి ఇంటికి వచ్చిన కొడుకును నేను. ఆ రోజు నుంచి మా బాపు దేవదానం నాతో మాట్లాడడు. తిట్టడు, కసురుకోడు, మాట్లాడడు, అంతే. ఏదైనా చెప్పాలంటే అమ్మకు చెబుతాడు, అమ్మ నాకు చెబుతుంది. ముగ్గురం ఒకే గదిలో ఉన్నా అంతే. ఇప్పుడు ఆ అమ్మ పరకాలలో ఉంది. మొదటి రెండు రోజులు బాపు ఆమెకు ఫోన్ చేసి స్పీకర్ పెట్టి, "మోటర్ బంద్ జెయ్యమని చెప్పు" అన్నాడు. మూడో రోజు అమ్మ, "మీ మోటర్లు మీరే బంద్ జేసుకోండ్రి, నన్ను బతకనియ్యిండ్రి" అని ఫోన్ పెట్టేసింది.

అసలు విషయం ఏమిటంటే, బాపుకు షుగర్ మూడు వందల ఇరవై ఉంది. కుడికాలి బొటనవేలి మీద పుండు మానడం లేదు. జంపఖానాల మగ్గం తొక్కే కాలు అది. దవాఖానలో డాక్టర్ రాత్రిపూట అన్నం మానేయమని ఒక కాగితం ఇచ్చాడు. దాని మీద 'మెయిన్ కోర్స్ సలాడ్' అని ఉంది. ఉడికించిన శనగలు, జొన్నలు, ఒక గుడ్డు, కీర, క్యారెట్, క్యాబేజీ, టమాట. మనకు సలాడ్ అంటే బిర్యానీ పక్కన పడుండే నాలుగు ఉల్లిగడ్డ ముక్కలు కదా. మొన్న బుధవారం సాయంత్రం చేసి పెట్టాను. బాపు ఒక్క గింజ వదలకుండా తిన్నాడు. తిని, పళ్లెం ముందు నుంచి లేవలేదు. ఇరవై నిమిషాలు కూర్చున్నాడు. తరువాత గోడ గడియారాన్ని చూసి, "సలాడైతే అయింది. బువ్వెప్పుడు?" అన్నాడు.

నేను కూడా గడియారానికే చెప్పాను. "ఇదే బువ్వ."

"గిది బువ్వెట్లయితది" అన్నాడు గడియారంతో.

ఇలా ఉన్నాం.

నీ అన్న,
శాంసన్


నవదీక్షా గృహం, విజయవాడ దగ్గర
మార్చి 14

అన్నకు ప్రేమతో,

నీ ఉత్తరం సిస్టర్ గారి గదిలో ఒక రోజు ఎక్కువ ఉంది. అడిగితే, "మోటర్ దాకా వచ్చాను, మళ్లీ మొదటి నుంచి చదవాలనిపించింది" అన్నారు.

పెద్దమ్మ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను. బాపు వేలు సంగతి చదివి చాలా భయమేసింది. అన్నా, ఏమైనా సరే రాత్రి అన్నం పెట్టకు. అడిగినా పెట్టకు. గడియారాన్ని అడిగితే అసలే పెట్టకు.

ఇక్కడ వంటగదిలో ఈ నెలంతా నా వంతు. ఇరవై ఆరు మందికి వండుతున్నాను కాబట్టి కొంచెం తెలుసు. శనగలు ముందు రోజు రాత్రి నానబెట్టు, లేకపోతే బాపు పళ్లకు ఆగవు. జొన్నలు కూడా నానబెట్టి, మెత్తగా కాకుండా పలుకు మీద దించు. నిమ్మరసం, మిరియాల పొడి చివర్లో కలుపు. పల్లీలు వేయించి కచ్చాపచ్చాగా దంచి పైన చల్లు. ఇంకో మాట, కోసే పని బాపుకే ఇవ్వు. ఊరికే కూర్చోబెట్టి పెడితే ఆయనకు రోగం ఉన్నట్టు గుర్తుకొస్తుంది.

ఒక సంగతి అడుగుతాను, ఊరికే. నువ్వు సెమినరీ నుంచి వచ్చిన రోజు నేను హాస్టల్లో ఉన్నాను. ఆ రోజు ఏం జరిగిందో నాకు ఎవరూ చెప్పలేదు. తలుపు ఎవరు తీశారు? నిన్ను చూడగానే బాపు ఏం చేశాడు? ఏమన్నాడు? గుర్తున్నంత వరకు రాయి.

నీ చెల్లె,
మౌనిక

(శనగల్లో చిటికెడు జీలకర్ర వేయండి, గ్యాస్ ఉండదు. - సిస్టర్ వినోద)


కాశిబుగ్గ
మార్చి 22

మౌనికకు,

సిస్టర్ గారి జీలకర్ర పనిచేసింది. కృతజ్ఞతలు.

బాపుకు కత్తిపీట అప్పగించాను. అప్పగించాను అంటే, దాన్ని ఆయన మంచం పక్కన పెట్టి, క్యాబేజీ దాని పక్కన పెట్టి, నేను బయటికి వెళ్లాను. వచ్చేసరికి క్యాబేజీ మొత్తం నూలు పోగుల్లా ఉంది, అన్నీ ఒకే పొడవు. ఇప్పుడు రోజూ సాయంత్రం ఆరున్నరకు ఇద్దరం వంటగదిలో కూర్చుంటున్నాం. ఆయన కోస్తాడు, నేను ఉడికిస్తాను. ఆయన కూరగాయలతో మాట్లాడతాడు. "ఈ కీరకు తోలు తియ్యాల్నా, అట్లనే కొయ్యాల్నా, ఎవలన్న చెప్తె మంచిగుండు" అంటాడు కీరతో. నేను టమాటకు జవాబు చెబుతాను. పని జరిగిపోతోంది.

మొదట్లో ఒక గొడవ వచ్చింది. ఆయన కోసిన ముక్కలు పళ్లెంలో చారలు చారలుగా పేర్చాడు. క్యారెట్ ఒక చార, కీర ఒక చార, మధ్యలో క్యాబేజీ అంచు, నాలుగు మూలలా నాలుగు గుడ్డు ముక్కలు. అచ్చం జంపఖానా. నేను నిమ్మరసం పిండి, మామూలుగా అందరూ చేసినట్టే, గరిటెతో కలిపాను. బాపు చాలాసేపు పళ్లెం వైపు చూసి, "రెండు గంటల పని" అన్నాడు పళ్లెంతో. అప్పటి నుంచి నేను గరిటె ముట్టుకోవడం లేదు. నిమ్మరసం చార వెంబడి చార పిండుతున్నాను.

రెండో గొడవ పల్లీలది. నువ్వు చెప్పినట్టు దంచి చల్లితే ఒక ముద్ద తిని పక్కకు నెట్టాడు. నచ్చలేదేమో అనుకున్నాను. నచ్చింది, అదే గొడవ. తపస్సు కాలం మొదలయ్యే విభూతి బుధవారం నాడే సలాడ్ మొదలైంది కదా, బాపు దీన్ని తపస్సు కింద దేవుడికి ఒప్పజెప్పాడట. అన్నం మాని నలభై రోజులు గడ్డి తింటున్నానని దేవుడితో మాట అయిపోయింది. ఇప్పుడది రుచిగా ఉంటే తపస్సు చెల్లదని ఆయన భయం. తపస్సు కాలంలో ఆదివారాలు లెక్కకు రావు కాబట్టి ఆదివారం అన్నం తినొచ్చని కూడా ఆయన వాదన. డాక్టర్ కాగితంలో ఆదివారం కూడా ఉందని నేను ఫ్రిజ్‌కు చెప్పాను.

చివరికి చర్చిలో పూజ అయ్యాక బాపు ఫాదర్ గారి దగ్గరికి వెళ్లాడు. నేను వెనక నిలబడ్డాను. "ఫాదర్, పల్లీలేస్తె తపస్సు పోతదా?" అని అడిగాడు. ఫాదర్ గారు ఇరవై ఏళ్ల నుంచి గురువుగా ఉన్నారు, ఈ ప్రశ్న ఆయన్ను ఎవరూ అడిగినట్టు లేదు. "ఇష్టపడి తినకపోతే పోదు" అన్నారు. ఆ సాయంత్రం పల్లీలు వేశాం. బాపు ముఖంలో ఒక్క గీత కదలకుండా అంతా తిన్నాడు. ఇష్టపడ్డాడో లేదో దేవుడికే తెలియాలి.

"ఏం కోరుకుంటున్నారు?" అని కూడా ఫాదర్ గారు అడిగారు. "పిల్లల గురించి ఒక కోరికున్నది, చెప్పరాదు" అన్నాడు బాపు. చెప్పకపోయినా తెలిసిపోతూనే ఉంది. మే 31న నీ మొదటి మాటపట్టు. నువ్వు కన్యాస్త్రీగా మాట ఇచ్చే రోజుకు ఎక్కడా అడ్డం రాకూడదని ఆయన నలభై రోజులు క్యాబేజీ నములుతున్నాడు. ఇంటికి ఒక్కరైనా దేవుడికి దక్కాలి కదా.

నువ్వు అడిగినదానికి జవాబు. తలుపు తెరిచే ఉంది. బాపు మగ్గం మీద ఉన్నాడు. నన్ను చూశాడు, నా పెట్టెను చూశాడు, మగ్గం ఆపలేదు. అమ్మ బయటికి వచ్చాక, "పెట్టె దారిల పెట్టొద్దని చెప్పు" అన్నాడు. అంతే. ఎందుకు అడిగావు?

శాంసన్


నవదీక్షా గృహం
మార్చి 29

అన్నా,

ఈ ఉత్తరాన్ని నాలుగుసార్లు రాశాను. మొదటి మూడింటిలో సలాడ్ గురించి బాగా రాశాను.

నేను మాటపట్టు చేయడం లేదు. ఇంటికి వచ్చేస్తున్నాను.

ఎవరూ ఏమీ అనలేదు, ఏ తప్పూ జరగలేదు. ఇక్కడ అందరూ నన్ను బాగా చూసుకున్నారు. ఫిబ్రవరిలో సిస్టర్ వినోద గారు మమ్మల్ని ఒక్కొక్కరినీ పిలిచి, "ఎవరి కోసం వచ్చావు?" అని అడిగారు. మిగతా అమ్మాయిలందరూ దేవుడి కోసం అన్నారు. నేను నోరు తెరిచి, "మా బాపు కోసం" అన్నాను. నేనే విని ఆశ్చర్యపోయాను. సిస్టర్ గారు ఆశ్చర్యపోలేదు.

నువ్వు తిరిగి వచ్చాక ఇల్లు ఎలా ఉందో నాకు గుర్తుంది. సెలవులకు వస్తే ముగ్గురూ ఒకే పప్పు తింటూ మూడు ఇళ్లలో ఉన్నట్టు ఉండేవాళ్లు. నేను వెళ్తానని చెప్పిన రోజు బాపు నవ్వాడు. మూడేళ్లలో అదే మొదటిసారి. ఆ నవ్వు కోసం వచ్చానన్నా. నువ్వు ఖాళీ చేసిన కుర్చీలో నేను కూర్చున్నాను. అది నా కుర్చీ కాదు.

ఇప్పుడు ఆయన నా కోసం తపస్సు చేస్తున్నాడని రాశావు. అది చదివి వంటగదిలో ఏడ్చాను. ఉల్లిగడ్డలు నా ముందే ఉన్నాయి కాబట్టి ఎవరూ అడగలేదు.

నాకు భయంగా ఉంది. దేవుడంటే భయం లేదు, ఆయనకు చెప్పేశాను. ఆరేళ్లు నీతో మాట్లాడని మనిషి నాతో ఎన్నేళ్లు మాట్లాడడో అని భయం. నీకు అమ్మ ఉంది, నువ్వు మగవాడివి, గడియారంతో మాట్లాడి తట్టుకున్నావు. నేను తట్టుకోలేను. బాపు నాతో మాట్లాడకపోతే నేను ఆ ఇంట్లో ఒక్కరోజు కూడా ఉండలేను.

మౌనిక

(ఈ ఉత్తరం నేను చదవలేదు. - సిస్టర్ వినోద)


కాశిబుగ్గ
ఏప్రిల్ 4

మౌనికకు,

ఉత్తరం అందింది. నీ ఇష్టం. కానీ నా కుర్చీ, నా ఖాళీ అని నా మీద పెట్టకు. నేను నిన్ను కూర్చోమనలేదు.

శాంసన్

ఏప్రిల్ 5

నిన్నటి కాగితం ఇంకా పోస్టు చేయలేదు. చింపుదామనుకుని, నువ్వు చదవాలనే ఉంచాను. నిన్న నాకు కోపం వచ్చింది, ఎందుకంటే నువ్వు రాసింది నిజం. నువ్వు మఠానికి వెళ్లిన రోజు నేను లోపల హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. బాపుకు ఇంకో బిడ్డ దొరికింది, ఇక నన్ను వదిలేస్తాడు అనుకున్నాను. అంత స్వార్థం. నువ్వు ఎందుకు వెళ్తున్నావని ఒక్కసారి కూడా అడగలేదు. నన్ను క్షమించు చెల్లె.

నిన్న సాయంత్రం క్యారెట్ నేనే కోశాను. బాపు కాసేపు చూసి, "క్యారెట్ ఏం పాపం జేసిందో" అన్నాడు కొత్తిమీరతో.

ఏం చేయాలో చెప్పు, చేస్తాను.

అన్న


నవదీక్షా గృహం
ఏప్రిల్ 10

అన్నకు,

రెండు కాగితాలూ దాచుకున్నాను. మొదటిది కూడా.

బాపుకు నేనే రాయాలని మూడుసార్లు కూర్చున్నాను. "బాపు గారికి" దాకా వచ్చి ఆగిపోతున్నాను. నువ్వు చెప్పు. మాట్లాడని మనిషితో నువ్వే మాట్లాడాలని అడగడం అన్యాయమే, అయినా అడుగుతున్నాను. అమ్మకు ఇప్పుడే చెప్పకు. ఆమె పెద్దమ్మను మంచం మీద వదిలి పరుగెత్తుకొస్తుంది, మీ ఇద్దరి మధ్య నిలబడుతుంది, మళ్లీ పాత కథే.

ఈస్టర్ పాస్క పండుగ అయ్యాక చెప్పు. ఆయన తపస్సు పూర్తి కానీ. ఏప్రిల్ ముప్పైన సిస్టర్ గారు నన్ను మధ్యాహ్నం రైలు ఎక్కిస్తారు, సాయంత్రానికి వరంగల్‌లో దిగుతాను. దిగి ఇంటికి రావాలా, పరకాల బస్సు ఎక్కి అమ్మ దగ్గరికి వెళ్లాలా? నాకు ఈ ఒక్కటే తెలియాలి. వద్దంటే వద్దని రాయి, మెత్తగా చేసి రాయకు.

మౌనిక

(మా ఇంట్లో నాకూ ఇలాంటి అన్న ఉంటే బాగుండేది. - సిస్టర్ వినోద)


కాశిబుగ్గ
ఏప్రిల్ 21

మౌనికకు,

నిన్న పాస్క పండుగ. తెల్లవారి పూజకు ఇద్దరం ఒకే బండి మీద వెళ్లాం, మాటల్లేకుండా. మధ్యాహ్నం మాంసం వండాను. బాపు కొంచెం అన్నంతో తిన్నాడు. మొన్నటి పరీక్షలో షుగర్ నూట డెబ్బై, పుండు ఎండిపోయింది. డాక్టర్ మెచ్చుకున్నాడు. బాపు తన తపస్సు ఫలించిందని కాళ్ల చెప్పులకు చెప్పాడు.

సాయంత్రం సలాడ్ ఉండదనుకున్నాను. ఆరున్నరకు నేను అలవాటుగా కీర తీశాను. బాపు వచ్చి కత్తిపీట ముందు కూర్చున్నాడు. తపస్సు అయిపోయింది కదా అని నేను అనలేదు, ఆయనా అనలేదు.

అప్పుడు చెప్పాను. కీరతో కాదు, గడియారంతో కాదు. "బాపూ, చెల్లె వచ్చేస్తాంది. మాటపట్టు చెయ్యదట" అన్నాను.

ఆ మాట నోట్లోంచి వచ్చాక నాకు ఒకటి తట్టింది. ఆరేళ్లలో నేనూ ఆయన్ను బాపూ అని పిలవలేదు. ఆయనే మాట్లాడడం లేదని అందరికీ చెప్పుకుంటూ తిరిగాను. సిస్టర్ గారికి కూడా అలాగే రాశాను.

ఆయన చెయ్యి ఆగింది. తరువాత మళ్లీ కోయడం మొదలుపెట్టాడు. క్యాబేజీ సగం చాలు, మొత్తం కోశాడు. రెండోది కూడా తీసి కోశాడు. పది మందికి సరిపోయేంత అయ్యాక లేచి, చేతులు కడుక్కుని, తినకుండా పడుకున్నాడు. నేను ఒక్కడినే తిన్నాను, తినగలిగినంత.

ఇవాళ సాయంత్రం దాకా ఒక్క మాట లేదు. గోడతో కూడా లేదు. మెత్తగా రాయొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను: పరకాల బస్సులు స్టేషన్ దగ్గర సాయంత్రం వరకు దొరుకుతాయి. నేను స్టేషన్‌కు వచ్చి ఎక్కిస్తాను. నన్ను క్షమించు. నేను చేయగలిగింది ఇంతే అయింది.

అన్న


కాశిబుగ్గ
ఏప్రిల్ 23

చెల్లె,

నిన్ననే పోస్టు చేసిన ఉత్తరం వెనకే ఇది కూడా వస్తుంది, దీన్నే నమ్ము. బాపు చెబుతున్నాడు, నేను రాస్తున్నాను. చెప్పింది చెప్పినట్టే రాయాలట, నా సెమినరీ తెలుగు వద్దట.

బిడ్డా మౌనికా, నేను మీ బాపును. రెండొద్దులు నేను మాట్లాడకపోతె శాంసన్ పరకాల బస్సని రాసిండట. నేను కోపం మీద లేను. ఏం చెప్పాల్నో సోంచాయిస్తున్న. నా మొకమే గట్లుంటది, ఏం జేద్దాం.

నీ మాటపట్టు కోసం నేను తపస్సు జేసిన్నని గూడ రాసిండట. తప్పు. నన్ను అడుగకుంటనే రాసిండు. నేను దేవున్ని అడిగింది వేరే. వీనితోని మాట్లాడె ధైర్యమియ్యమని అడిగిన. వీడు వచ్చిన్నాడు కోపమొచ్చింది, నిజమే. ఆ కోపం ఏడాదికే పోయింది. అప్పటికి మాటలు బందయినయి. బందయినంక ఎట్ల షురూ జెయ్యాల్నో నాకు తెల్వలే. రేపు అందామనుకునుడు, రేపు అందామనుకునుడు. గట్లనే ఆరేండ్లు పోయినయి బిడ్డా. సిగ్గయితది చెప్పాల్నంటె.

నలభై దినాలు నేను గడ్డి తిని అడిగితె, దేవుడు ధైర్యం దీస్కపోయి వీనికిచ్చిండు. వీడే ముందుగాల బాపూ అన్నడు. సరె, ఎవలకిచ్చినా ఇంట్లకే వచ్చింది.

(ఇవాళ పొద్దున బాపు నా మంచం దగ్గరికి వచ్చి, "శాంసన్, లే. ఉత్తరం రాసేదున్నది" అన్నాడు. ముఖం కడుక్కునే నెపంతో నల్లా దగ్గర చాలాసేపు ఉండిపోయాను. ఇది నేను రాస్తున్నాను, ఆయన చెప్పింది కాదు.)

ఏం రాస్తున్నవ్‌రా? సరె, ఉండనియ్యి.

నువ్వు సిస్టరమ్మవు కావాల్నని నాకు ఉండె. ఇప్పుడు గూడ ఉన్నది. బాధయింది, లేదని నీకు అబద్ధమెందుకు చెప్పాలె. ఆ బాధ నాది, నేను జూసుకుంట. నువ్వు దాన్ని నెత్తిన వెట్టుకొని రాకు. నా కోసం పోయినవట. నాకు కొడుకు మీద కోపమొస్తె ఆడివిల్ల వోయి మఠంల కూసుంటదా? నన్నొక్క మాట అడగకపోతివి. అడిగినా నేను అప్పుడు చెప్పకపోదును, అది వేరె సంగతి.

పరకాల పోవద్దు. వరంగల్ల దిగు. నేను, శాంసన్ ఇద్దరం స్టేషన్‌కు వస్తం. జర సామాన్లు పైలం. సిస్టర్ వినోదమ్మకు నా దండాలు చెప్పు, నిన్ను ఆమె ఆ ప్రశ్న అడిగినందుకు.

నువ్వు భయపడుతున్నవని శాంసన్ చదివి వినిపించిండు. నేను గూడ భయపడుతున్న. నాకు మాటలు తొందరగ రావు. వీనితోని చేసిన తప్పు నీతోని చెయ్య. నువ్వు రైలు దిగంగనే నేనే ముందుగాల మాట్లాడుత, నువ్వు నోరు తెరిచెదాక ఆగ. ఏం మాట్లాడాల్నో రాత్రే అనుకొని పెట్టుకున్న. రైలు లేటయిందా అని అడుగుత. లేటు గాకున్నా అడుగుత.